రోటవేటర్ షాఫ్టుకు ఏ షియర్ బోల్టు వేయాలి: మామూలుదా, 8.8నా, హైటెన్షనా?

దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు చెల్కల్లో తొలకరి పడగానే రోటవేటర్లు దిగుతాయి. చెల్క పైకి మెత్తగానే ఉంటుంది. జానెడు లోపల పలుగురాయో, పరుపుబండ అంచో ఉంటుంది. బ్లేడు దానికి తగలగానే టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. పీటీఓ షాఫ్టు (ట్రాక్టర్ వెనుక ఇంజను బలంతో తిరిగే ఇరుసు) తిరుగుతూనే ఉంటుంది, రోటవేటర్ మాత్రం ఆగిపోతుంది. షియర్ బోల్టు తెగిందన్నమాట. అది తెగేందుకే అక్కడ ఉంది, దాని పని అది చేసింది. అసలు నష్టం ఆ తర్వాత, డబ్బాలో చేతికందిన బోల్టు ఏదో ఒకటి బిగించి మళ్లీ నడిపినప్పుడు మొదలవుతుంది.

ట్రాక్టర్ నుంచి రోటవేటర్ గేర్‌బాక్సుకు వచ్చే షాఫ్టులో, గేర్‌బాక్సు వైపు ఫోర్కు దగ్గర రెండు ఫ్లాంజీలు, అంటే గుండ్రటి ఇనుప బిళ్లలు, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒకటి షాఫ్టుతో తిరుగుతుంది, ఇంకొకటి గేర్‌బాక్సును తిప్పుతుంది. రెంటినీ కలిపేది ఈ ఒక్క బోల్టే. రాయి తగిలినప్పుడు ఇది తెగకపోతే ఆ దెబ్బ షాఫ్టు వంగే చోటి క్రాసుకో, గేర్‌బాక్సు లోపలి క్రౌన్ పినియన్‌కో, పక్క గేర్లకో, ట్రాక్టర్ పీటీఓకో తగులుతుంది. బోల్టు ఖరీదు పదుల రూపాయల్లో, క్రౌన్ పినియన్ ఖరీదు వేలల్లో. సీజన్‌లో మెకానిక్ కోసం పోయే రోజులు ఆ పైన.

ఒక్కో బోల్టు ఎంత బరువుకు తెగుతుంది

బోల్టు సైజు, గ్రేడు మారితే ఏమవుతుందో అంకెల్లో చూస్తేనే తేడా తెలుస్తుంది. 45 హెచ్‌పీ ట్రాక్టర్ పీటీఓ దగ్గర సుమారు 40 హెచ్‌పీ ఇస్తుందనుకుందాం. 540 ఆర్‌పీఎం దగ్గర ఆ షాఫ్టు మీద తిప్పుడు బలం, అంటే టార్క్, దాదాపు 520 న్యూటన్ మీటర్లు. షాఫ్టు నడిమధ్య నుంచి బోల్టు 45 ఎంఎం దూరంలో ఉందని, బోల్టు ఒక్కచోటే తెగే రకమని అనుకుని లెక్క వేద్దాం.

8 ఎంఎం బోల్టు, 8.8 గ్రేడు, తెగే చోట మర లేకుండా నున్నగా ఉంటే, అడ్డంగా కోయడానికి సుమారు 24 కిలోన్యూటన్లు, అంటే రెండున్నర టన్నుల బలం కావాలి. షాఫ్టు మీద అది 1,080 న్యూటన్ మీటర్లు అవుతుంది. మామూలు పని భారానికి రెండింతలు. దుక్కి దున్నుతుంటే తెగదు, రాయి గట్టిగా పట్టేస్తే తెగుతుంది. కావలసింది అదే.

అదే 8 ఎంఎంలో మామూలు ఇనుప బోల్టు, అంటే 4.6 గ్రేడు వేస్తే 540 న్యూటన్ మీటర్ల దగ్గరే తెగుతుంది. అది ట్రాక్టర్ మామూలుగా ఇచ్చే బలానికి దాదాపు సమానం. రాయి అక్కర్లేదు, గట్టి గడ్డ తగిలినా, పత్తికట్టె చుట్టుకున్నా తెగుతుంది. రైతు గంటకు నాలుగుసార్లు దిగి విసిగిపోయి చివరికి "హైటెన్షన్ వేద్దాం" అంటాడు. గేర్‌బాక్సులు పగిలే కథ చాలాసార్లు ఈ మెత్తటి బోల్టుతోనే మొదలవుతుంది.

10.9 వేస్తే తెగే బలం సుమారు 1,360కి పోతుంది. 12.9 వేస్తే 1,630. గ్రేడు మార్చకుండా 8 ఎంఎం బదులు 10 ఎంఎం వేస్తే దాదాపు 1,700. ఈ చివరి అంకె చాలామందికి తెలియదు. "గ్రేడు అదే కదా, జర లావుది వేసినం" అంటారు. రెండు ఎంఎంలు పెరిగితే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇది 12.9 వేసినదానికంటే ఎక్కువే.

కొన్ని షాఫ్టుల్లో బోల్టు ఫ్లాంజీలో కాకుండా ఫోర్కు గొట్టం, గేర్‌బాక్సు ఇరుసు రెంటినీ అడ్డంగా దాటుతుంది. అది రెండుచోట్ల తెగాలి కాబట్టి బలం రెట్టింపు పడుతుంది. అందుకే పక్క రైతు రోటవేటర్‌కు ఏ బోల్టు ఉందో చూసి మీదానికి వేయొద్దు. మీ రోటవేటర్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్న సైజు, గ్రేడే మీకు లెక్క. పుస్తకం పోతే డీలర్ దగ్గర మోడల్ చెప్పి అడగండి. మన దిక్కు వాడే షాఫ్టులకు 8, 10 ఎంఎం ఎక్కువ, పెద్దవాటికి 12 ఎంఎం ఉంటుంది. గ్రేడు చాలావాటికి 8.8.

తల చూసి బోల్టును గుర్తుపట్టడం

బోల్టు తల మీద ఉబ్బెత్తుగా 8.8 అని, పక్కన తయారీదారు గుర్తు కూడా ఉండాలి. మొదటి అంకెను వందతో గుణిస్తే లాగితే తెగే బలం వస్తుంది, 8 అంటే 800 మెగాపాస్కల్. చుక్క తర్వాతి 8, అందులో ఎనభై శాతం దాకా బోల్టు సాగకుండా నిలబడుతుందని చెబుతుంది. ఏ అంకె లేని బోల్టును మెత్తటిదిగానే లెక్కపెట్టండి, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే.

షాపులో "హైటెన్షన్" అని అడిగితే ఒకరు 8.8 ఇస్తారు, ఇంకొకరు 10.9 ఇస్తారు. ఆ మాటతో కొనొద్దు, అంకెతో కొనండి. ఎలెన్ కీతో బిగించే గుండ్రని తల నల్ల బోల్టులు మామూలుగా 12.9. గట్టివని పేరుంది కాబట్టి ట్రాక్టర్ డబ్బాల్లో అవి తప్పకుండా ఉంటాయి. షియర్ బోల్టు చోట మాత్రం వాటికి పని లేదు.

స్టీలు బోల్టు, అంటే తుప్పు పట్టని స్టెయిన్‌లెస్, దమ్ము పొలాలకు మంచిదని కొందరు వేస్తారు. తల మీద ఏ2-70 అని ఉంటుంది. బలం చూస్తే 700, ఎనిమిది వందలకు దగ్గరే. కాని అది తెగేముందు సాగుతుంది. సాగి, వంగి, రంధ్రంలో ఇరుక్కుంటుంది. తెగిన ముక్క తీయడానికి అరగంట పడుతుంది. దాని నట్టు కూడా మరలో పట్టేసి రాదు.

ఊచ ముక్క, మేకు, పాత డ్రిల్లు బిట్టు, బోల్టు వేసి వెల్డింగ్ చుక్క పెట్టడం: ఇవేవీ ఎంపికలు కావు. డ్రిల్లు బిట్టు వంగకుండా పెళుసుగా పగిలి ముక్కలు ఎగురుతాయి. వెల్డింగ్ చేసిన షాఫ్టుకు రక్షణే ఉండదు.

బ్లేళ్లు బిగించే బోల్టులను ఇక్కడికి తేకండి, ఇక్కడివి అక్కడికి పంపకండి. బ్లేడు బోల్టు తెగకూడదు, షియర్ బోల్టు తెగాలి. రెండూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటే చీకట్లో తేడా తెలియదు. వేర్వేరు డబ్బాలు పెట్టుకోండి.

ఫుల్ మరా, సగం మరా: పొడవు లెక్క

గ్రేడు సరిగ్గా చూసి కొన్నవాళ్లు కూడా ఇక్కడ తప్పు చేస్తారు. తల కింద నుంచి చివరిదాకా మర ఉన్న బోల్టు వేస్తే, తెగే చోట మర పడుతుంది. మర లోతు తీసేస్తే 8 ఎంఎం బోల్టులో మిగిలే ఇనుము నున్నటి చోట ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులు కూడా ఉండదు. 1,080 దగ్గర తెగాల్సింది 790 దగ్గరే తెగుతుంది. అంతకంటే చెడ్డది ఇంకొకటుంది: మర అంచులు ఫ్లాంజీ రంధ్రాన్ని ఆకురాయిలా రాపిడి చేసి పెద్దది చేస్తాయి. రంధ్రం ఒకసారి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందంటే ఇక ఎంత మంచి బోల్టు వేసినా నిలవదు.

సగం మర బోల్టుల్లో మర పొడవుకు ఒక లెక్క ఉంది. 8 ఎంఎం బోల్టుకు చివరి 22 ఎంఎం మర ఉంటుంది, 10 ఎంఎంకు 26, 12 ఎంఎంకు 30. మిగతాది నున్నటి కాడ. స్కేలు తీసుకుని మీ ఫ్లాంజీ మందం కొలవండి. ఉదాహరణకు రెండు ఫ్లాంజీలు ఒక్కోటి 15 ఎంఎం అనుకోండి. తల వైపు నుంచి 15 ఎంఎం దగ్గర కోత పడుతుంది. 8×45 బోల్టులో 23 ఎంఎం కాడ ఉంటుంది కాబట్టి కోత నున్నటి చోటే పడుతుంది. రెండు ఫ్లాంజీలు 30, వాషరు ఒకటిన్నర, నట్టు 8, మొత్తం దాదాపు 40. 45 బోల్టు నట్టు దాటి ఐదు ఎంఎంలు బయటికి వస్తుంది. 8×50 కూడా కుదురుతుంది. 8×60 వేస్తే కాడే 38 ఎంఎం వస్తుంది. నట్టు మర అయిపోయేదాకా తిరిగి కాడకు తగిలి ఆగుతుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఫ్లాంజీలు ఆరున్నర ఎంఎంలు వదులుగా ఉంటాయి. ఆ ఊగుడుకే బోల్టు రెండు గంటల్లో పోతుంది. డబ్బాలో పొడుగువే ఉంటే నట్టు వైపు వాషర్లు వేసి ఆ ఖాళీ నింపాలి.

35 ఎంఎం, అంతకంటే పొట్టి 8 ఎంఎం బోల్టులు షాపుల్లో ఎక్కువగా ఫుల్ మరతోనే దొరుకుతాయి. చూసి తీసుకోండి.

సూతుల గొడవ కూడా ఇక్కడే చెప్పాలి. పాత హార్డ్‌వేర్ షాపుల్లో ఇంకా మూడు సూతులు, నాలుగు సూతులు అని ఇస్తారు. మూడు సూతులంటే 9.5 ఎంఎం. 10 ఎంఎం రంధ్రంలో సులువుగా దూరుతుంది, అర ఎంఎం ఊగుతుంది, రంధ్రం పాడవుతుంది. రెండున్నర సూతుల బోల్టు 8 ఎంఎం రంధ్రంలో సరిగ్గా పడుతుంది, కాని 8 ఎంఎం నట్టు దానికి పట్టదు. నాలుగు సూతులది 12.7. అది 12 రంధ్రంలో దూరదని డ్రిల్లు పెట్టి రంధ్రం పెంచేస్తారు. ఆ రోజు నుంచి ఆ షాఫ్టుకు సరైన బోల్టు అనేదే ఉండదు, ఫ్లాంజీ మార్చాల్సిందే.

కొత్త బోల్టు వేసేముందు తెగిన ముక్క చూడండి

ముక్కను పారేయకండి. తుడిచి వెలుతురులో పట్టుకుంటే ఎందుకు తెగిందో అదే చెబుతుంది.

ముఖమంతా ఒకే రంగులో, చదునుగా, ఒక పక్కకు ఈడ్చినట్టు మెరుస్తుంటే అది ఒక్క దెబ్బకు తెగింది. రాయి, మొద్దు, గట్టి గడ్డ. బోల్టు సరైనదే, అదే మళ్లీ వేయండి.

ముఖం సగం నల్లగా, తుప్పు రంగులో, మిగతా సగం తాజాగా మెరుస్తుంటే బోల్టు చాలా రోజుల కిందే చీలడం మొదలైంది. నట్టు వదులైంది, లేదా రంధ్రం సాగింది. ఇక్కడ గట్టి బోల్టు వేస్తే జబ్బు పోదు, దాగుతుంది. కొత్త బోల్టును రంధ్రంలో వేసి వేళ్లతో ఊపి చూడండి. పక్కకు అర ఎంఎం కంటే ఎక్కువ కదిలితే లేతు దగ్గర బుష్ వేయించండి, లేదా ఫ్లాంజీ మార్పించండి.

కాడ జడ్ ఆకారంలో వంగి తెగితే బోల్టు మెత్తటిది, లేదా ఫ్లాంజీల మధ్య ఖాళీ ఉంది. తెగిన చోట మర గీతలు కనబడితే పొడవు తప్పు.

రాళ్లే లేని పొలంలో, ఒకే రోజు నాలుగైదు తెగుతుంటే బోల్టును వదిలేసి రోటవేటర్ చూడండి. బ్లేళ్లు వరుసగా ఒకదాని వెనుక ఒకటి మెలికలా భూమిలో దిగేలా అమర్చి ఉంటాయి. మార్చేటప్పుడు కుడివి ఎడమకు, ఎడమవి కుడికి పడితే రెండు మూడు బ్లేళ్లు ఒకేసారి కొడతాయి, ప్రతి చుట్టుకూ షాఫ్టు మీద దెబ్బ పడుతుంది. రోటరు చివర్లలో డ్రిప్ పైపు, పత్తికట్టె, నైలాన్ తాడు చుట్టుకుని బిగిసినా ఇదే జరుగుతుంది. పీటీఓ తీసేసి రోటరును చేత్తో తిప్పి చూడండి, ఎక్కడైనా పట్టేస్తుంటే తెలిసిపోతుంది.

నడిపే తీరుతో తెగేవి కూడా తక్కువ కాదు. రోటవేటర్‌ను భూమిలో దింపి ఉంచి, ఇంజను రేజ్ (యాక్సిలరేటర్) ఎక్కువలో పీటీఓ వేస్తే మొదటి చుట్టుకే బోల్టు పోతుంది. భూమికి పైన కొంచెం లేపి, రేజ్ తక్కువలో పీటీఓ వేసి, 540కి తెచ్చి, ట్రాక్టర్ కదిలాక మెల్లగా దింపాలి. చెలక చివర తిరిగేటప్పుడు రోటవేటర్‌ను పైకెత్తి తిరుగుతున్న షాఫ్టును ఎక్కువగా వంచితే క్రాసు ఊగి బోల్టును కొడుతుంది. అక్కడ పీటీఓ ఆపి తిరగండి. బ్లేళ్లు భూమిలో ఉండగా వెనక్కి పోనే వద్దు.

నేలను బట్టి బోల్టు మారుతుందా?

మారదు. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. అలంపూర్, గద్వాల దిక్కు నల్లరేగడికి ఒకటి, దేవరకొండ చెల్కకు ఒకటి అని షాపుల్లో చెప్పడం కూడా ఉంది. బోల్టు సైజు, గ్రేడు గేర్‌బాక్సు తట్టుకునే బలాన్ని బట్టి పెట్టినవి. రాళ్ల చెల్కలోకి పోయినంత మాత్రాన గేర్‌బాక్సు గట్టిపడదు. నేలను బట్టి మారాల్సింది లోతు, గేరు, డబ్బాలో పెట్టుకునే బోల్టుల సంఖ్య.

రాళ్లు తేలిన చెల్కలో ముందు కల్టివేటర్ వేసి పెద్ద రాళ్లు ఏరించి, తర్వాత రోటవేటర్‌ను మూడు నాలుగు అంగుళాల లోతులో ఒక గేరు తక్కువలో నడపండి. ఎండిన నల్లరేగడి గడ్డలు రాయిలాగే కొడతాయి, పదును వచ్చేదాకా ఆగండి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దమ్ము పొలాల్లో బోల్టు తెగడం అరుదు. అక్కడి సమస్య వేరు: బురద నీళ్లు ఫ్లాంజీల మధ్యకు చేరి రెండూ తుప్పుతో అతుక్కుపోతాయి. అప్పుడు బోల్టు తెగినా ఫ్లాంజీలు జారవు, రక్షణ ఉండి కూడా లేనట్టే. దమ్ము రోజుల్లో అక్కడి నిప్పల్‌కు రోజూ గ్రీజు కొట్టండి, పాత గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చేదాకా. బత్తాయి తోటల్లో లోతు తక్కువ పెడతారు కాబట్టి బోల్టుకు భారం ఉండదు, చెట్టు మొదలు దగ్గర వేర్లు, డ్రిప్ పైపులే చూసుకోవాలి.

బోల్టు మానేసి క్లచ్ షాఫ్టు కొనాలా?

సొంత ఐదారు ఎకరాలు దున్నుకునేవాళ్లకు అక్కర్లేదు. వానాకాలం, యాసంగి రెండు సీజన్లూ కిరాయికి రాళ్ల నేలల్లో తిప్పేవాళ్లకు ఆలోచించదగ్గ ఖర్చే. స్లిప్ క్లచ్ షాఫ్టులో ప్లేట్లు, స్ప్రింగులు ఉంటాయి. భారం ఎక్కువైతే ప్లేట్లు జారి, భారం తగ్గగానే మళ్లీ పడతాయి. ట్రాక్టర్ దిగాల్సిన పని లేదు.

కాని దాన్ని చూసుకోవడం బోల్టు కంటే ఎక్కువ. నాలుగు నెలలు షెడ్డులో తేమకు పడి ఉంటే ప్లేట్లు అతుక్కుపోతాయి. సీజన్ మొదట్లో ప్రతి స్ప్రింగు పొడవు స్కేలుతో కొలిచి రాసుకుని, నట్లు వదులు చేసి, కాసేపు జారనిచ్చి, మళ్లీ అదే పొడవుకు బిగించాలి. అన్ని స్ప్రింగులూ ఒకే పొడవు ఉండాలి. జారుతోందని చుట్లు ఒకదానికొకటి తగిలేదాకా బిగించేస్తే అది వెల్డింగ్ చేసినట్టే. ఈ పని ఓపికగా చేసే డ్రైవరు లేకపోతే బోల్టు షాఫ్టే మేలు. దాంట్లో తప్పు పట్టడానికి ఒక్క బోల్టే ఉంటుంది.

బిగించడం

రోటవేటర్ నేల మీద దింపి, పీటీఓ తీసేసి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే షాఫ్టు దగ్గరికి పోవాలి. మెడలో తువ్వాల, వేలాడే పంచె, చీర కొంగు దాని దగ్గరికి రానివ్వొద్దు. తిరిగే షాఫ్టుకు గుడ్డ తగిలితే చేయి వెనక్కి తీసుకునే సమయం ఉండదు. ఈ ఒక్క విషయంలో ఎంత తొందరైనా లెక్కలోకి రాదు.

పంచ్, సుత్తితో పాత ముక్కలు కొట్టి తీయండి. బోల్టు లేకుండా ఫ్లాంజీని చేత్తో తిప్పండి, తిరగాలి. తిరగకపోతే విప్పి తుప్పు తీసి గ్రీజు పెట్టండి. రంధ్రం అంచుకు ముల్లులా లేచిన ఇనుమును ఆకురాయితో నున్నగా చేయండి. బోల్టు సుత్తి దెబ్బ లేకుండా చేత్తో దూరాలి. కొత్త నైలాక్ నట్టు వేయండి, పాతది లోపలి నైలాన్ అరిగి ఊడిపోతుంది. 8 ఎంఎంకు 13 నంబరు పానా, 10 ఎంఎంకు 17 లేదా 16, 12 ఎంఎంకు 19 లేదా 18. ఫ్లాంజీలు కలిసి ఊగుడు పోయేదాకా చేతి బలంతో బిగిస్తే చాలు. పానాకు గొట్టం తొడిగి బిగిస్తే బోల్టు ముందే సాగుతుంది. గార్డు మళ్లీ పెట్టి, అరగంట నడిపాక ఒకసారి ఆపి నట్టు చూడండి.

షాపులో ఇలా అడగండి: "అన్నా, ఎనిమిది ఎంఎం, నలభై ఐదు పొడవు, సగం మర, తల మీద ఎనిమిది పాయింట్ ఎనిమిది ఉన్నది, నైలాక్ నట్టుతోని పది ఇయ్యి." సైజు, పొడవు మాత్రం మీ షాఫ్టువి చెప్పండి. కౌంటరు మీదనే ఒక్కో తల తిప్పి చూసుకోండి, కలిపి పెట్టిన డబ్బాల్లో అంకె లేనివి కలుస్తాయి. దమ్ము పొలాలకు ఐదు సరిపోతాయి, రాళ్ల చెల్కకు పదిహేను పెట్టుకోండి. రెండు పానాలు, పంచ్, సుత్తి, టార్చి లైటుతో పాటు ఒక గుడ్డ సంచిలో కట్టి సీటు కింద పెట్టండి. 12.9 బోల్టులేవైనా ఆ సంచిలో ఉంటే తీసి ఇంట్లో పెట్టేయండి. రాత్రి పది గంటలకు చెల్క మధ్యలో మంచివి అయిపోతే చేయి వాటి మీదికే పోతుంది.